గోడపత్రికకు కావలసినది అనుకరణ కాదు, అధ్యయనం

మన మహాసభలకు, ధర్నాలకు, సమ్మె సన్నాహాలకు వెలువడుతున్న గోడపత్రికలను ఒకసారి నిలబడి పరిశీలించవలసిందిగా రైల్వే, తపాలా ఉద్యోగ సోదర సోదరీమణులను కోరుతున్నాము. ఫ్లెక్సీ నిండా నాయకుల ముఖాలు, వాటి క్రింద పేర్లు, హోదాలు. ఒక మూల ఎక్కడినుండో తెచ్చి అతికించిన పిడికిలి. పోరాటం ఏ కోర్కె కోసమో తెలియాలంటే దగ్గరకు పోయి వెదకవలసి వస్తున్నది. డ్యూటీ దిగి ఇంటికి పోతున్న ట్రాక్‌మన్‌కు గాని, మెయిల్ సంచులు దించుతున్న ఆర్.ఎం.ఎస్. కార్మికునికి గాని అంత తీరిక లేదు. అతడు ఆగడు; మన కోర్కె అతనికి చేరదు.

ఈ లోపాన్ని గుర్తించిన యువ సభ్యులు కొందరు ప్రపంచంలోని పాత పోస్టరు ఉద్యమాల వైపు చూస్తున్నారు. ఇది హర్షించదగిన విషయమే. అయితే ఎర్రని త్రికోణాలు, ఏటవాలు అక్షరాలు తెచ్చి పెట్టుకుంటే చాలునన్న అభిప్రాయం సరియైనది కాదు. ఆ రూపాలు ఏ అవసరం నుండి పుట్టినవో తెలుసుకోవడం ముఖ్యం.

1919లో రష్యా అంతర్యుద్ధంలో మునిగి ఉన్నది. కాగితానికి కరువు, అచ్చుకు కరువు. ఆ దశలో టెలిగ్రాఫ్ వార్తాసంస్థ అయిన 'రోస్తా' తరఫున చిత్రకారుడు చెరెమ్నిఖ్, మాస్కోలో ఖాళీపడిన దుకాణాల కిటికీలలో బొమ్మల వార్తలు పెట్టనారంభించాడు. కవి మయకోవ్‌స్కీ అతనితో చేరాడు. తంతిపై వచ్చిన వార్త బొమ్మగా మారి, అట్ట స్టెన్సిళ్ళతో చేతిమీద ప్రతులై ఇతర పట్టణాలకు పోయేది. స్టెన్సిల్‌లో సన్నని గీత నిలువదు. అందుకే పెద్ద ఆకారాలు, కొద్ది రంగులు వాడారు. చదువురాని వారికి కూడ అవి అర్థమయ్యేవి. ఆ సరళత కొరత నుండి, తొందర నుండి పుట్టినదే గాని అలంకారం కోసం వచ్చినది కాదు.

1968 మే నెలలో ఫ్రాన్సులో రైల్వే కార్మికులతో సహా లక్షలాది శ్రామికులు సమ్మెలో ఉండగా, పారిస్ లలితకళల పాఠశాలలో విద్యార్థులు, కళాకారులు 'అతెలియే పోపులేర్' అనే ప్రజా పోస్టరు కేంద్రాన్ని నెలకొల్పారు. వారు పట్టుతెర అచ్చుతో పోస్టర్లు తీశారు. ఏ పోస్టరుపైనా చిత్రకారుని సంతకం లేదు. ప్రతి నమూనాను సభ ముందుంచి, భావం సరియైనదేనా, బొమ్మ దానిని చక్కగా తెలుపుతున్నదా అని చర్చించి నిర్ణయించేవారు. మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే.

మన దేశంలోను ఈ వారసత్వం ఉన్నది. 1943 బెంగాల్ కరువులో చిత్తప్రసాద్ మిద్నాపూర్ జిల్లా తిరిగి, ఆకలిగొన్న మనుషులను నల్ల సిరాతో చిత్రించాడు. ఆ చిత్రాలతో వెలువడిన 'హంగ్రీ బెంగాల్' ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకొని తగులబెట్టింది. నాలుగు నల్లని గీతలకు అంతటి ప్రభుత్వం భయపడిందంటే, అతడు గీసినది ఎవరో ఊహాపురుషుని కాదు, కళ్ళారా చూసిన మనిషిని కనుకనే.

ఇక యాజమాన్యాల కోసం వేసినవైనా, రైల్వే పోస్టర్ల నుండి నేర్వదగినది ఉన్నది. 1927లో ఫ్రెంచి రైల్వే కంపెనీ కోసం కసాంద్ర్ వేసిన 'ఎత్వాల్ దు నోర్' పోస్టరులో రైలే లేదు. దూరాన కలిసిపోతున్న పట్టాలు, వాటి చివర ఒక నక్షత్రం, అంతే. ఏది వదలివేయాలో అతనికి తెలుసు.

ఈ పాఠాలు మన పనికి ఎట్లా వర్తిస్తాయి? పింఛను సమస్యనే తీసుకుందాము. 2004 జనవరి 1 నుండి చేరిన ఉద్యోగులను కొత్త పింఛను పథకంలో పెట్టారు. 2025 ఏప్రిల్ నుండి ఏకీకృత పథకం వచ్చినా ఉద్యోగి జీతంలోనుండి చందా కోత తప్పలేదు. దీనికి పది వాక్యాలు అక్కరలేదు. ఒకే పట్టాపై ఒకే రకం సుత్తులు పట్టిన రెండు చేతులు. నడుమ గోడవలె నిలిచిన '1-1-2004'. చూసినవాడు అన్యాయాన్ని అక్కడికక్కడే గ్రహిస్తాడు.

అక్షరాల విషయం మరొకటి. తెలుగు లిపి గుండ్రనిది. తలకట్లు, గుడులు పైకి, వత్తులు క్రిందికి చోటు కోరతాయి. రష్యన్ అక్షరాలవలె దానిని నలుచదరంగా నరికితే మాట చదువనే రాదు. కుంచె ఒడుపు మన లిపికి సహజమని బాపు అక్షరాలు ఏనాడో చూపించాయి. ఫ్లెక్సీ వచ్చిన తర్వాత పని కోల్పోయిన గోడవ్రాత చిత్రకారులు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. వారు కూడ శ్రామికులే. వారిచేత వ్రాయించడం మన ధర్మం.

ఫోనులో సందేశం పంపితే చాలదా అని కొందరు అడుగుతున్నారు. ఫోను సందేశాన్ని ఎవరికి వారు ఒంటరిగా చూసి చెరిపివేస్తారు. గోడపత్రికను సభ్యుడు, సభ్యుడు కానివాడు, ప్రయాణీకుడు, అధికారి అందరూ ఒకేచోట చూస్తారు. చూసినవారు ప్రక్కవారితో మాట్లాడతారు. సంఘం అక్కడే మొదలవుతుంది.

కనుక ప్రతి శాఖ, తీర్మానాన్ని చర్చించినట్లే గోడపత్రిక నమూనాను కూడ సమావేశంలో చర్చించాలి. నాయకుల ఫొటోలకు మహాసభ నివేదికలో చోటున్నది. గోడను కోర్కెకు విడిచిపెట్టుదాము.