భాగహారంలో మాయమైన ఆడపిల్లలు

పదో తరగతి ఫలితాలు రాగానే "బాలికలదే పైచేయి" అని పత్రికలు రాస్తాయి. మనమూ సంతోషిస్తాం. కానీ ఆ శాతం ఎంతమందిలో అని ఎప్పుడైనా అడిగామా?

అనకాపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో నేను బోర్డు మీద ఒక లెక్క వేశాను. ఆరో తరగతిలో 40 మంది ఆడపిల్లలు చేరారనుకుందాం. పదో తరగతి పరీక్ష రాసింది 25 మంది, పాసయింది 24 మంది. బడి ప్రకటించే ఉత్తీర్ణత 96 శాతం. చేరిన 40 మందిలో చూస్తే 60 శాతమే! మిగిలిన 15 మంది ఏమైనట్టు? "పెళ్లిళ్లయిపోయాయి, చెరకు తోటల్లో కూలికెళ్లారు, తమ్ముళ్లని ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయారు" అని అక్కడి అక్కచెల్లెళ్లే జవాబిచ్చారు. ఆ పిల్లలు కనీసం ఫెయిలైనవాళ్ల జాబితాలో కూడా ఉండరు.

2021 నవంబరు 12న జరిగిన జాతీయ సాధన సర్వే బడిలో ఉన్న పిల్లలనే పరీక్షించింది. 2005లో మొదలైన అసర్ సర్వే గ్రామాల్లో ఇళ్లకు వెళ్లి, బడి మానేసిన పిల్లల చేత కూడా చదివించి చూస్తుంది. ఎవరిని లెక్కలోకి తీసుకోవాలన్నది రాజకీయ నిర్ణయమే.

2022లో అనకాపల్లి జిల్లా అయింది. జిల్లాలకు ర్యాంకులిచ్చే పోటీలో, వెనకబడిన పిల్లను పరీక్ష రాయనివ్వకపోయినా శాతం పెరుగుతుంది!

ఈసారి ఫలితాలు రాగానే బడికి వెళ్దాం. అయిదేళ్ల కిందటి అడ్మిషన్ రిజిస్టరు తీయిద్దాం. టీసీ తీసుకుని వేరే బడికి వెళ్లినవాళ్లను పక్కన పెట్టి, మిగిలిన ప్రతి ఆడపిల్ల గురించీ అడుగుదాం: ఈమె ఎక్కడ?