సైరన్ మోగనప్పుడు సెన్సర్ ఎందుకు?

2020 మే 7 తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు విశాఖపట్టణంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడినది. ఆర్.ఆర్. వెంకటాపురం వాసులను నిద్ర లేపినది సైరన్ కాదు, ఘాటైన వాసన. అధికారిక లెక్కల ప్రకారం 12 మంది మరణించారు. ఈ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు, నేలనంటి పాకుతుంది. నేలపై చాపలు పరచుకొని నిద్రించే ఇళ్లకు ఇంతకంటే చెడ్డ గుణం మరొకటి లేదు.

ఇట్టి ఆవిరులను మనిషి ముక్కు కంటే ముందుగా పసిగట్టుటకు ప్రయోగశాలలు నానో కణాలను ఆశ్రయిస్తున్నాయి. బంగారాన్ని వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల చిన్న కణాలుగా చేసి నీటిలో నిలిపితే ఆ నీరు పసుపుగా కాక కెంపు రంగులో కనిపిస్తుంది. మైకేల్ ఫారడే 1857లోనే దీనిని పరిశీలించాడు. కణాలు ఒకదానికొకటి దగ్గరైతే ఆ ఎరుపు నీలం వైపు జరుగుతుంది. ఇప్పటి సెన్సర్లలో కొన్నింటి కీలకం ఇదే. కణాలను పలుచని పాలిమర్ పొరలో పొదుగుతారు. రసాయన ఆవిరిని పీల్చి పొర ఉబ్బుతుంది, కణాల ఎడం మారుతుంది, దానితో రంగూ మారుతుంది. కంటికి ఆనని ఆ మార్పును కాంతిని కొలిచే చిన్న పరికరం పట్టుకొంటుంది. ట్యాంకు వద్దకు విద్యుత్తు పోనక్కరలేదు, గాజు తీగ ద్వారా కాంతి పోతే చాలు. మండే ఆవిరి ఉన్నచోట ఇది చిన్న మేలు కాదు.

అయితే ప్రయోగశాలలోని పొడిగాలి వేరు, సముద్రతీరపు గాలి వేరు. తేమకు కూడ పొర ఉబ్బవచ్చును. పెట్రోలు ఆవిరికీ, రంగుల్లో కలిపే తిన్నరుకూ స్పందించవచ్చును. అందుచేత వేర్వేరు పొరలను పక్కపక్కన అమర్చి, వాటి స్పందనలను పోల్చి నిర్ణయించవలసి వస్తున్నది. కారణం లేకుండా రెండు రాత్రులు సైరన్ మోగితే మూడవ రాత్రి ఎవరు లేస్తారు?

అసలు చిక్కు మరొకచోట ఉన్నది. విశాఖ దుర్ఘటనపై నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 2020 జూలైలో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ కర్మాగారంలో సైరన్ ఏర్పాటు ఉన్నది, మోగించలేదు. తమిళనాట ఎన్నూరులో 2023 డిసెంబరు 26 రాత్రి గొట్టపు మార్గం నుండి అమ్మోనియా లీకైనప్పుడు కూడ ప్రజలు ఊపిరాడక వీధుల్లోకి పరుగెత్తారు. కనుక ఎంత సున్నితమైన సెన్సర్ వచ్చినా, అది కర్మాగారం గదిలోని అధికారికి మాత్రమే కబురు చెబితే ఊరికి ఒరిగేదేమీ లేదు. ఊరి పొలిమేరలోనూ దానిని నాటాలి; ఎవరి అనుమతికీ ఆగక సైరన్ మోగాలి.

సరిహద్దు గ్రామాలకు ఇంకొక ప్రశ్న కూడ ఉన్నది. 1996 నాటి కేంద్ర నియమాలు రసాయన ప్రమాదాల నిర్వహణను జిల్లా సంఘాలకు అప్పగించాయి. జిల్లాకు ఎల్ల ఉన్నది, గాలికి లేదు. ప్రమాదకర రసాయనాలు నిల్వచేసే పెద్ద కర్మాగారాలు వాటి స్వభావాన్నీ, ఆపద వేళ చేయవలసిన, చేయకూడని పనులనూ పరిసర ప్రజలకు ముందుగానే తెలుపవలెనని 1989 నియమాలు చెబుతున్నాయి. ఎల్లకు అవతల కర్మాగారం, ఇవతల ఇల్లు ఉన్న కుటుంబాలకు ఆ సమాచారం ఏ జిల్లా నుండి, ఏ భాషలో అందుతున్నదో గ్రామసభలోనే అడగవచ్చును.