అగ్గిపెట్టె అట్టకు గ్రంథాలయంలో చోటివ్వాలి

గడిచిన శతాబ్దంలో తెలుగు ఇళ్ళలోకి ఎక్కువసార్లు వచ్చిన అచ్చుకాగితం ఏదై ఉంటుంది? పంచాంగం ఏడాదికొకటి వచ్చేది. పత్రిక చదువుకున్న ఇళ్ళకే వచ్చేది. అగ్గిపెట్టె మీద అంటించిన బొమ్మకాగితం మాత్రం అక్షరమ్ముక్క రాని ఇంట్లోకీ, పత్రిక పేరు వినని ఊళ్ళోకీ చేరింది. పొయ్యి గట్టు మీద, దేవుడి గూట్లో దీపం పక్కన, చొక్కా జేబులో బీడీకట్టతో పాటు అది ఉండేది. పుల్లలు అయిపోగానే పెట్టె పొయ్యిలోకో పెంటకుప్ప మీదికో పోయేది. పిల్లలున్న ఇంట్లో అయితే అట్ట చింపి దాచుకుని ఆటలో పందెం కాసేవారు. మన పౌర గ్రంథాలయాలు దీన్ని దాచాల్సిన కాగితంగా ఎన్నడూ చూడలేదు. సేకరణ భారమంతా అభిరుచి కలిగిన కొద్దిమంది మీదే పడింది. వాళ్ళు పట్టించుకోకపోతే ఆ కాస్తయినా మిగిలేది కాదు. అయినా ఈ పనిని వాళ్ళకే వదిలేసి కూర్చోవడం తప్పు. అగ్గిపెట్టె అట్ట విలువ బొమ్మలో కన్నా బొమ్మ చుట్టూ ఉన్న చిన్న అక్షరాల్లో ఎక్కువ ఉంది. ఆ అక్షరాలను వరుస తప్పకుండా, తారీఖులతో భద్రపరచడం సంస్థలు చేయాల్సిన పని.

ఒక పాత పెట్టెను చేతిలోకి తీసుకుని చూడండి. సన్నగా చెక్కిన చెక్కరేకును మడిచి, నీలిరంగు కాగితం చుట్టి చేసిన పెట్టె అది. రెండు పక్కలా గోధుమరంగు గీత పట్టీ ఉంటుంది. అందులో ఎర్ర భాస్వరం, పుల్ల కొసన పొటాషియం క్లోరేటు కలిసిన మందు. పైన లేబుల్ మీద గుర్రమో, ఏనుగో, తాళంకప్పో, కత్తెరో బొమ్మ. కింద తయారుచేసిన కంపెనీ పేరు, ఊరు. ఓ మూల ధర, సగటున ఎన్ని పుల్లలుంటాయో లెక్క. కొన్నేళ్ళ పాటు వీటికి తోడు సుంకం చెల్లించినట్టు గుర్తుగా బాండరోల్ అనే సన్నటి కాగితపు పట్టీ కూడా అంటించేవారు. అగ్గిపెట్టెల మీద ఎక్సైజ్ సుంకం విధిస్తూ 1934లో వచ్చిన చట్టం గుర్తు అది. వాడకంలో ముందు చిరిగిపోయేదీ అదే, సేకరించేవాళ్ళ పుస్తకాల్లో తరచు కనబడనిదీ అదే. ఇక ధర సంగతి. 1995 దాకా పావలా ఉన్న పెట్టె ఆ ఏడాది అర్ధరూపాయి అయింది. 2007లో రూపాయి అయింది. 2021 డిసెంబరు 1 నుంచి రెండు రూపాయలు. అంటే పద్నాలుగేళ్ళు రూపాయి దగ్గరే ఆగిపోయింది. ఉప్పూ పప్పూ ధరలు ఎన్నిసార్లు పెరిగాయో గుర్తున్నవాళ్ళకు ఈ నిలకడ ఆశ్చర్యంగానే ఉంటుంది. కారణం ఊహించడం కష్టం కాదు. అగ్గిపెట్టె ఒక్క నాణెంతో కొనే సరుకు. కిరాణా కొట్టులో చిల్లర లేకపోతే చేతిలో పెట్టే సరుకు. ధర నాణెం నుంచి నాణేనికి దూకాలి గానీ మధ్యలో ఆగడానికి వీల్లేదు. ఒక ధరకూ మరో ధరకూ మధ్య కాలంలో పెరిగిన ఖర్చంతా తయారుచేసేవాడి లాభంలోంచో, చేసే మనిషి కూలిలోంచో, పెట్టెలోని పుల్లల లెక్కలోంచో రావాలి. ఎందులోంచి వచ్చిందో తేల్చాలంటే ఏడాది వారీగా పెట్టెలు కావాలి. బొమ్మ ముచ్చటగా ఉందని ఏరుకున్న లేబుళ్ళతో ఆ లెక్క తేలదు.

ఈ కాగితం మన దేశానికి వచ్చిన దారి కూడా దాని మీదే రాసి ఉంది. గీస్తే అంటుకునే పుల్లను 1826లో ఇంగ్లండులో జాన్ వాకర్ అనే మందుల వ్యాపారి కనిపెట్టాడు. పెట్టె పక్కన గీస్తేనే అంటుకునే 'సేఫ్టీ' పుల్లకు స్వీడన్‌లో 1844లో పేటెంటు తీసుకున్నారు. యోన్‌షోపింగ్ పట్టణంలో లుండ్‌స్ట్రోమ్ సోదరులు దాన్ని పెద్ద పరిశ్రమ చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి స్వీడన్ పెట్టెలు మన బజారుకు పెద్ద సంఖ్యలో వచ్చేవి. యుద్ధంలో ఆ దారి మూసుకుపోతే జపాన్ అందుకుంది. ఆ దేశాల కంపెనీలు మన బజారు కోసం మన దేవుళ్ళనే అచ్చు వేయించాయి. రవివర్మ చిత్రాల పోలికతో కృష్ణుడు, లక్ష్మి, సరస్వతి బొమ్మలుండేవి, అడుగున చిన్న అక్షరాల్లో స్వీడన్ అనో జపాన్ అనో ఉండేది. మనమే సొంతంగా చేసుకోవాలన్న తపన అంతకు చాలా ముందే ఉంది. తన యవ్వనంలో స్వదేశాభిమానులు కొందరు అగ్గిపెట్టెలు చేయబోయి ఎంత ఖర్చు పెట్టారో, చివరికి ఎన్ని చేతికొచ్చాయో రవీంద్రనాథ్ ఠాగూర్ 'జీవన్‌స్మృతి'లో రాసుకున్నారు. ఆవేశంతో కాని పని ఆఖరికి సుంకంతో అయింది. 1922లో ప్రభుత్వం దిగుమతి పెట్టెల మీద గ్రోసుకు, అంటే 144 పెట్టెలకు, రూపాయిన్నర సుంకం వేసింది. ఖజానా నింపుకోవడానికి వేసిన ఆ సుంకం ఇక్కడి తయారీకి ఊపిరి పోసింది. వానలు సరిగా పడని శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ ఆ ఏడాదే కలకత్తా వెళ్ళి పని నేర్చుకున్నారు, 1923లో తిరిగి వచ్చి ఫ్యాక్టరీ పెట్టారు. బయటి నుంచి సరుకు పంపడం గిట్టదని స్వీడన్ వాళ్ళు కూడా అదే 1923లో వెస్టర్న్ ఇండియా మ్యాచ్ కంపెనీ, మన నోట్లో విమ్‌కో, స్థాపించి ఇక్కడే తయారీకి దిగారు. లేబుల్ మీద దేశం పేరు మారడం వెనక ఇంత కథ ఉంది. దాన్ని బొమ్మ చెప్పదు, అడుగునున్న వరుస చెబుతుంది.

లేబుళ్ళు ఇన్ని రకాలుగా ఎందుకున్నాయని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు కళాకారుల ఊహాశక్తి. ఆ మాటలో నిజముంది. చదువురాని కొనుగోలుదారు పేరుతో కాకుండా బొమ్మతో అడుగుతాడు కాబట్టి ప్రతి తయారీదారుకూ కొట్టొచ్చినట్టు కనిపించే గుర్తు అవసరం. 'షిప్' ఓడ, 'చీతా ఫైట్'లో చిరుతతో కలబడే మనిషి అలా గుర్తుండిపోయినవే. కానీ ఇంకో కారణం ఎవరికీ పట్టదు. స్వాతంత్ర్యం వచ్చాక ఎక్సైజ్ సుంకం ఉత్పత్తిని బట్టి అంచెలుగా ఉండేది. యంత్రాలతో చేసే పెద్ద ఫ్యాక్టరీకి ఎక్కువ, చేతితో చేసే చిన్న యూనిట్‌కు తక్కువ. కుటీర పరిశ్రమను బతికించాలన్న మంచి ఉద్దేశమే అది. దాని ఫలితంగా పెద్దగా పెరగడం కన్నా చిన్నచిన్న యూనిట్లుగా విడిపోవడం లాభసాటి అయింది. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి, చిత్తూరుకు పొరుగునే ఉన్న గుడియాత్తం చుట్టుపక్కల వందల యూనిట్లు ఇలా మొలిచాయి. ఈ లేబుళ్ళ కోసం శివకాశిలో వెలసిన లితో ప్రెస్సులే తర్వాత మన ఇళ్ళ గోడల మీది దేవుడి క్యాలెండర్లనూ, మన సినిమాల వాల్‌పోస్టర్లనూ అచ్చు వేశాయి. తెలుగువాడి కంటికి అలవాటైన ఆ గాఢమైన ఎరుపు, పసుపు, నీలం కలయిక వెనక అగ్గిపెట్టె లేబుల్ ఉందనీ, దాని వెనక ఒక సుంకం పట్టిక ఉందనీ గుర్తిస్తే కళాచరిత్రను మరో చోట నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. నాకు ఈ విషయమంతటిలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

అయితే లేబుల్ అబద్ధం చెబుతుంది కదా, దాన్ని చరిత్రకు ఆధారం అనడం ఎలా అని ఎవరైనా అడగవచ్చు. బలమైన ప్రశ్నే. లండన్‌లో బ్రయంట్ అండ్ మే కంపెనీ వ్యాపార చిహ్నం నోవా ఓడ, దాని మీద 'భద్రత' అనే మాట. అదే కంపెనీలో తెల్ల భాస్వరంతో పనిచేసే ఆడవాళ్ళకు దవడ ఎముక కుళ్ళిపోయేది. 1888లో దాదాపు 1,400 మంది స్త్రీలు, బాలికలు అక్కడ సమ్మె చేశారు. వాళ్ళ బతుకుల గురించి పత్రికలో రాసి లోకం దృష్టికి తెచ్చింది అనిబిసెంట్, తర్వాతి కాలంలో మన మదనపల్లె కళాశాలకు కారకురాలైన ఆవిడే. తెల్ల భాస్వరం పుల్లలను మన దేశంలో 1913లో చట్టం చేసి నిషేధించారు. ఇక శివకాశి సంగతి అందరికీ తెలిసిందే. నవ్వుతున్న పాపాయి బొమ్మ లేబుల్‌ను పెట్టెకు అంటించిన చేతులు చాలాకాలం పసిపిల్లల చేతులే. 1986 బాలకార్మిక చట్టం అగ్గిపెట్టెల తయారీని పిల్లలకు నిషిద్ధమైన పనుల్లో చేర్చింది. శివకాశి పిల్లల కోసం ఎం.సి.మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996లో తీర్పునిస్తూ, పిల్లల్ని పనిలో పెట్టుకున్న యజమాని ఒక్కో పిల్లకూ పిల్లాడికీ 20,000 రూపాయల చొప్పున సంక్షేమ నిధికి కట్టాలని ఆదేశించింది. లేబుల్ ఇవేవీ చెప్పదు. కానీ లేబుల్ మీద ఊరి పేరు ఉంది, ధర ఉంది. వాటిని కోర్టు తీర్పు పక్కన, కూలి రేట్ల పక్కన పెట్టి చదివితే, ఆ పావలా ధర ఎవరి బాల్యం మీద నిలిచిందో తెలుస్తుంది. రాజుల శాసనాలు నిజమే చెబుతాయని ఎవరూ అనుకోరు, అయినా వాటిని చదవడం మానలేదు. అగ్గిపెట్టె అట్టకూ ఆ పద్ధతే పనికొస్తుంది.

రెండో అభ్యంతరం డబ్బుది. తాళపత్రాలకే దిక్కులేదు, పాత పత్రికలు చెదలు తింటున్నాయి, ఇప్పుడు అగ్గిపెట్టెలా అని అంటారు. తాళపత్రాలను కాపాడవలసిందే, అందులో సందేహం లేదు. కానీ ఈ రెండూ ఒకే సొమ్ము కోసం పోటీ పడేవి కావు. ఒక జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక బీరువా, ఆమ్లం లేని కాగితపు కవర్లు, ఒక రిజిస్టరు చాలు. ఇంటి పన్నుతో పాటు మనం కట్టే గ్రంథాలయ సెస్సులో దీని ఖర్చు లెక్కలోకే రాదు. చట్టం మాత్రం దీనికి సాయపడదు. దేశంలో అచ్చయిన పుస్తకాన్నీ పత్రికనూ జాతీయ గ్రంథాలయానికి, మరికొన్నిటికి పంపి తీరాలని 1954 నాటి చట్టం చెబుతుంది. లేబుళ్ళు, టికెట్లు దాని పరిధిలోకి రావు. అందుకే ఎవరో ఒకరు పూనుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రాపకుడు జాన్ జాన్సన్ అలాంటి 'పనికిరాని' కాగితాలనే ఏళ్ళ తరబడి పోగేశాడు. 1968లో అవి బోడ్లియన్ గ్రంథాలయానికి చేరాయి. ఈనాడు బ్రిటన్ సామాన్య జీవితం మీద పరిశోధన చేసేవాళ్ళు అక్కడికి వెళ్ళక తప్పదు. మనకు వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. పాత పత్రికలను జాగ్రత్తగా దాచిన పేరు దానికి ఉంది. అలాంటి చోట ఈ బీరువా మొదలుకావడం సహజం.

ఫొటోలు తీసి కంప్యూటర్లో పెట్టుకుంటే సరిపోదా అని కొందరంటారు. ఫొటో మంచిదే, కానీ పెట్టె చెక్కరేకుదా, తర్వాత వచ్చిన అట్టదా అన్నది దానిలో తెలియదు, గీత పట్టీ ఒక వైపే ఉందా రెండు వైపులా ఉందా తెలియదు. ఇంకో మాట: ఇది తమిళనాడు చరిత్ర కదా, మనకెందుకు అనేవాళ్ళు కూడా ఉంటారు. తయారైన చోటు అదే కావచ్చు, అమ్ముడైన చోటు మనది. మన దగ్గర ఏ బొమ్మ ఎక్కడ పోయింది, ఏ ఊరి సంతలో ఏది దొరికింది అన్నది మనం తప్ప ఎవరూ రాయరు. పైగా కోవిల్‌పట్టి, సాత్తూరు ప్రాంతపు నల్లరేగడి పల్లెల్లో తరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ అలాంటి ఇంటివారే. అగ్గిపెట్టె మనకు పరాయిది కాదనడానికి ఇంకో గుర్తు: సిరిసిల్లలో నేత కళాకారుడు నల్లా పరంధాములు తన పనితనం లోకానికి చూపడానికి చీరను మడిచి పెట్టింది కూడా అగ్గిపెట్టెలోనే.

సమయం కూడా ఎక్కువ లేదు. గ్యాస్ లైటరు వంటింట్లోంచీ, ప్లాస్టిక్ లైటరు జేబులోంచీ అగ్గిపెట్టెను తోసేస్తున్నాయి. పరిశ్రమ మొర విని, ఇరవై రూపాయలలోపు సిగరెట్ లైటర్ల దిగుమతిని ప్రభుత్వం 2023లో నిషేధించవలసి వచ్చింది. కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా గ్రంథాలయ సంస్థలకు నా విన్నపం ఇది: అగ్గిపెట్టెలు స్వీకరిస్తామని బోర్డు పెట్టండి, ఇచ్చినవారి పేరూ ఊరూ రిజిస్టర్లో రాయండి. ఇళ్ళలో పాత పెట్టెలున్నవారికి కూడా ఒక మాట. లేబుల్‌ను నీళ్ళలో నానబెట్టి ఊడదీయకండి, సుంకం పట్టీ మిగిలి ఉంటే చింపకండి. పుల్లలు తీసేసి, పెట్టెను పెట్టెగానే ఉంచి, ఏ ఊళ్ళో ఏ ఏడాది కొన్నదో గుర్తున్నంత మేరకు ఒక చీటీ మీద రాసి లోపల పెట్టి, దగ్గరలోని గ్రంథాలయంలో ఇవ్వండి.