అడ్డుతెర - వెండితెర

మన పెండ్లిపందిట వధూవరుల నడుమ పట్టెడు అడ్డుతెర నెరుగని తెలుగువాడు లేడు. పురోహితుడు సుముహూర్తమును ప్రకటించి, జీలకఱ్ఱ బెల్లము ఒకరి తలపై నొకరు ఉంచిన పిమ్మట గాని ఆ తెర తొలగదు. ఒకరి మొగము నొకరు తొలిసారి చూచుట అప్పుడే యని పెద్దలు ఏర్పఱచినారు. ఆ తెర నేటికిని పట్టబడుచునే యున్నది. కాని దానికి పదిగజముల దూరమున, పందిరి ద్వారముకడ, నిలువెత్తు ఎల్.ఇ.డి. తెరపై ఆ వధూవరులే చేయి చేయి పట్టుకొని సముద్రతీరమున పరుగెత్తుచుందురు. ఆ చిత్రము నెలదినముల క్రిందటనే తీయబడి, బంధుమిత్రుల ఫోనులన్నిటిని చుట్టివచ్చినది. అడ్డుతెర దిగకమునుపే వెండితెర లేచినదన్నమాట. దీనికి 'ప్రీ వెడ్డింగ్ షూట్' అని పేరు. షూట్ అను ఆంగ్లపదము తుపాకి కాల్చుటకును చెల్లును; ఆడపిల్లల తండ్రులు కొందఱు ఆ యర్థమునే తలచుకొనుచున్నారని వినికిడి.

ఈ క్రొత్త యాచారమును గూర్చి పెద్దలలో గల యసహనము మాకు తెలియనిది కాదు. 2019లో భోపాల్ నగరమున గుజరాతీ, జైన, సింధీ సంఘముల పెద్దలు తమవారిలో ఇట్టి చిత్రములు తీయింపరాదని కట్టుబాటు చేసిరి. మన జిల్లాలలోను అట్టి కట్టుబాటు కావలెనని రచ్చబండలకడ పలుకువారు లేకపోలేదు. పెండ్లికాని పిల్ల వరునితో కొండలవెంట కోనలవెంట తిరుగుట మన సంప్రదాయము కాదని వారి వాదము. మేము ఆ పక్షమున చేరజాలము. సంప్రదాయమను మాట నెత్తుటకు ముందు మన ముత్తాతల కాలపు పెండ్లిండ్లను ఒక్కమాఱు తలచుకొనవలెను. ఎనిమిదేండ్ల పిల్లను బుట్టలో గూర్చుండబెట్టి తెచ్చిననాడు, తెర దించినను ఎత్తినను ఆమెకు తెలియునది యేమున్నది? వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించినది ఎట్టి బాలికల దుఃఖమును చూచి? గురజాడవారి కన్యాశుల్కము 1892లో రంగమెక్కినది ఏ దురాచారమును ఎండగట్టుటకు? 1929లో శారదా చట్టము బాలికకు పదునాలుగు, బాలునకు పదునెనిమిది యేండ్లు నిండవలెనని విధించినప్పుడు మతము చెడిపోవుచున్నదని గగ్గోలు పెట్టినవారు ఎందఱో. 1978లో ఆ వయస్సు బాలికకు 18కిని బాలునకు 21కిని పెరిగినది. నేడు చదువు ముగించి, ఉద్యోగము చేయుచు, నిశ్చితార్థమైన పిమ్మట వరునితో సరిసమానముగ గూర్చుండి, 'మన చిత్రమును ఎచ్చట తీయింతము, నే నేమి కట్టుకొందును' అని యాలోచించు యువతి ఆ నూఱేండ్ల పోరాటమునకు పండిన పంట. ఆ పంటను నిలువునా తగులబెట్టుమనువారితో మాకు పొత్తు లేదు.

ఛాయాచిత్రకళయే పరదేశపు టాచారమనుటయు చెల్లదు. 1839లో పారిసు నగరమున లోకమునకు వెల్లడియైన ఈ విద్య కొలది యేండ్లకే మన దేశమునకు వచ్చినది. ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదున పరదా స్త్రీలకొఱకే ప్రత్యేకముగ నొక స్టూడియోను నెలకొల్పి, దానిని నడుపుటకు ఒక యాంగ్ల స్త్రీని నియమించెను. ఆ పిమ్మట పట్టణ పట్టణమునను స్టూడియోలు వెలసినవి. మన యిండ్లలో గోడకు వ్రేలాడుచున్న తాతగారి చిత్రమును చూడుడు. తాతగారు కుర్చీలో గూర్చుండి యుందురు; బామ్మగారు ఆ కుర్చీ చేతిపై చేయి వైచి ప్రక్కన నిలుచుండి యుందురు. వెనుక గుడ్డపై చిత్రించిన మెట్లును పూలకుండీలును వారి యూరివి కావు, ఏ యూరివియు కావు. ఎవరు కూర్చుండవలెనో ఎవరు నిలువవలెనో చెప్పినవాడు స్టూడియోవాడు. ఆమె కనులు కెమెరాను చూచుచున్నవో, మఱుక్షణమున ఏమి జరుగునో యని బెదరుచున్నవో చెప్పుట కష్టము. ఆమె నెవ్వరును ఏమియు అడుగలేదన్నది మాత్రము నిశ్చయము.

మాకు చింత కలిగించునది ఇచ్చటనే. నేటి యువజనులైనను నిజముగ తామే యెన్నుకొనుచున్నారా? చాలవఱకు ఎన్నుకొనుట లేదని మేము భావించుచున్నాము. గుడ్డపై చిత్రించిన మెట్లు పోయి 'ప్యాకేజీ' వచ్చినది. రెండు పూటలు, నాలుగు దుస్తులు, ఒక డ్రోను, రంగుపొగల గొట్టములు, ఒక పాట. దుస్తులలో నొకటి బారెడు తోక గల గౌను, అది అద్దెది, క్రిందటి వారము వేఱొక పిల్ల తొడిగినది, ఆ తోకను ఇసుకలో విసరుటకు ఒక కుఱ్ఱవాడు చాటుగ నిలుచుండును. వరుడు మోకాలిపై నిలిచి ఉంగరము చూపును. ఆ ఉంగరము పదిదినముల క్రిందటనే రెండువందలమంది యెదుట తొడుగబడినదని ఆ చిత్రమును చూచువారందఱికి తెలియును. పేర్లు చెఱిపివేసినచో గుంటూరు జంట యెవరో కరీంనగరపు జంట యెవరో కన్నతల్లులును పోల్చుకొనలేరు. వరికుప్పల నడుమ పుట్టి పెరిగిన పిల్లవాడు వరికుప్పయెదుట పట్నపు విహారివలె నిలిచి యాశ్చర్యము నభినయించుట చూచి మేము నవ్వుకొన్నాము. పిదప కొంత నొచ్చుకొన్నాము.

గండికోటకడ పెన్నానది కొండను చీల్చుకొనిపోవు లోయయు, పాపికొండల నడుమ గోదావరియు, లంబసింగి మంచును అందమైనవి కావని మేమనుట లేదు. ఆ జంటకు ఆ చోటుతో సంబంధమున్నచో వెళ్లవలసినదే. లేనిచో ఆమె చదివిన కళాశాల చెట్లనీడ, అతడు ఈతనేర్చిన కాలువరేవు, ఇరువురును మొదట మాటలాడుకొన్న ఇంటి యరుగు, వీనికి మించిన రంగస్థల మేది? గౌను తోకకు ఇచ్చు అద్దెకు మఱికొంత చేర్చినచో ఒక పోచంపల్లి చీర సొంతమగును; గాంధీమహాత్ముడు మెచ్చుకొన్న పొందూరు ఖద్దరు పంచెయు వచ్చును. అవి చిత్రము తీసిన పిమ్మటను పెట్టెలో నుండును. నేతగాని కూలియు మన జిల్లాలోనే యుండును.

తమ బ్రతుకునే రంగస్థలము చేసికొన్నవారు లేకపోలేదు. 2023లో హైదరాబాదున ఇరువురు పోలీసు ఉద్యోగులు తమ పెండ్లికి ముందు పంజగుట్ట పోలీసుస్టేషనులో, ఖాకీ దుస్తులతోనే, ఇట్టి చిత్రమును తీయించుకొనిరి. దేశమంతయు చూచినది, కొందఱు కన్నెఱ్ఱజేసిరి. నగర పోలీసు కమిషనరు మాత్రము చిరునవ్వుతో, ముందుగా అడిగియుండిన తామే యనుమతి నిచ్చియుందుమని పలికిరి. మా మతమును అదే. వారు తమ వృత్తినే గౌరవముగ చూపుకొన్నారు, లోపము అడుగకపోవుటయే. ఆ మఱుసటి యేడు కర్ణాటకమున చిత్రదుర్గ జిల్లాలో ఒక వైద్యుడు ప్రభుత్వ వైద్యశాలలోని శస్త్రచికిత్సాగదిలో లేని రోగమునకు శస్త్రచికిత్స నభినయించుచు చిత్రము తీయించుకొని కొలువు పోగొట్టుకొనెను. అది వేఱు సంగతి. రోగుల గది రోగులది.

అనుమతుల మాట వచ్చినది గనుక మఱి రెండు చెప్పవలసియున్నది. రైలుపట్టాలపై చిత్రము తీయించుకొనుట యొక వెఱ్ఱి. అనుమతి లేక పట్టాలపై అడుగిడినవానికి 1989 నాటి రైల్వే చట్టము ఆఱునెలలవఱకు కారాగారమునో, వేయి రూపాయలవఱకు జరిమానానో, రెంటినో విధించుచున్నది. రైలుబండి విధించునది అంతకంటె పెద్దది. రుసుము పుచ్చుకొని 250 గ్రాములకు మించిన డ్రోనును ఎగురవేయువానికి 2021 నాటి నిబంధనల ప్రకారము ధ్రువపత్రముండవలెను. అది యున్నదా యని అడుగువారు అరుదు. ఇక నీటి సంగతి. 2020 నవంబరులో మైసూరు జిల్లా తలకాడు కడ, పెండ్లికి నెలదినములైనను లేని యొక జంట చిత్రమునకై చిన్నపడవ యెక్కి, అది తలక్రిందులై, కావేరిలో మునిగి యిరువురును మరణించిరి. కొననున్న పట్టుబట్టలకు కొన్న కఫనుగుడ్డలకు నడుమ ఎన్నిదినములున్నవో ఆ తల్లిదండ్రులు లెక్కపెట్టుకొనియే యుందురు. పడవ యెక్కువారు ముందు ప్రాణరక్షక కవచమును తొడుగవలెను. అది చిత్రమున అందముగ కనబడదని ఛాయాగ్రాహకుడు చెప్పినచో ఒడ్డుననే నిలిచి తీయింపుడు.

కాలమును గూర్చి అనుభవజ్ఞులు చెప్పునది సులభము. సూర్యోదయమైన పిమ్మట ఒక గంటయు, అస్తమయమునకు ముందొక గంటయు వెలుగు మెత్తగా ఏటవాలుగా పడును. నడిమధ్యాహ్నమున కనుగుంటలలో నీడలు చిక్కును. మన పంచాంగమే ఇందుకొక సదుపాయమును కల్పించియున్నది. ధనుర్మాసమున ముహూర్తములుండవు. ఆ నెలలోనే యాకాశము నిర్మలము, ఎండ సౌమ్యము. పెండ్లిండ్లు లేనందున ఛాయాగ్రాహకులకును తీరిక. మాఘమున పెండ్లియున్నవారు ఆ దినముల నుపయోగించుకొనవచ్చును. ఆషాఢమునను ముహూర్తములు లేవు గాని ఆ నెల గాలివాననుకూడ లెక్కలో వేసికొనవలెను. ఒకే పూట పెట్టుకొనుట మేలు. రెండవపూటకు నవ్వులు ఎండిపోవును.

ధనము సంగతి దాటవేయుటకు వీలులేదు. ఈ వ్యయము వేలతో మొదలై లక్షలకెక్కుచున్నది. ఇరువురును తమ జీతములనుండి సమముగ వేసికొన్నచో ఆ మొత్తము వారిష్టము. ఇతరులకు పలుకనధికారము లేదు. కాని 'మావాడి స్నేహితులందఱు గోవాలో తీయించుకొన్నారు, మీరును అట్లే ఏర్పాటు చేయుడు' అని పిల్లతండ్రికి కబురు పంపు వియ్యంకులున్నారు. ఆ తండ్రి ఏమి చేయును? నిశ్చితార్థమైనది, ఊరంతయు ఎఱిగినది, కాదనిన పిల్ల కాపురమేమగునో యను భయము. అతడు కౌలు పైకమునో, వచ్చు పంటపై తెచ్చిన అప్పునో ధారపోయును. 1961 నాటి వరకట్న నిషేధచట్టము కట్నము నడిగినవానికి ఆఱునెలలకు తక్కువగాక రెండేండ్లవఱకు శిక్షను, పదివేలవఱకు జరిమానాను నిర్దేశించినది. గోవా ప్రయాణము కట్నమగునా కాదా యని న్యాయవాదులు తర్కింతురు గాక. బలవంతముగ పిండినది రొక్కమైన నేమి, ఛాయాచిత్రమైన నేమి? కట్నము పుచ్చుకొనమని సభలలో చప్పట్లు కొట్టించుకొన్న ఇండ్లలోనే ఈ కబుర్లు పుట్టుచున్నవి. వానికి జవాబు చెప్పవలసినవాడు వరుడు. తన చిత్రమునకు తాను వెల యిచ్చుకొనలేనివాడు సంసారమునకు ఏమి యిచ్చును?

వ్యయమునకు హక్కునకు గల సంబంధమును మన యువజనులలో ఎఱిగినవారు కొలదిమంది. 1957 నాటి కాపీరైటు చట్టము పదునేడవ విభాగము ప్రకారము, ఒకరి కోరికపై ప్రతిఫలము పుచ్చుకొని తీసిన ఛాయాచిత్రమునకు, వేఱుగ ఒప్పందము లేనిచో, తీయింపగోరినవారే తొలి హక్కుదారులు. అనగా వరుని యన్నగారు మాటలాడి పైకము చెల్లించినచో, ఆ పిల్ల మొగముపై కాగితపు హక్కు ఆయనదని వాదింప వీలుండును. ఛాయాగ్రాహకుడు తన ముద్రితపత్రములో మూలన నొక పంక్తి చేర్చినచో హక్కు అతనిదగును. అతడు ఆ చిత్రములను తన ప్రకటనలకు వాడుకొనును. పెండ్లి నిర్విఘ్నముగ జరిగినచో ఎవ్వరును ఈ మాట తలపరు. జరుగనిచో? నిశ్చితార్థములు చెడుట క్రొత్తకాదు. ఇచ్చిపుచ్చుకోలుల వలన చెడును, దాచిన సంగతులు బయటపడి చెడును. అప్పుడు నగలు తిరిగి యిత్తురు, చీరలు తిరిగి యిత్తురు. సముద్రతీరమున తీసిన మూడువందల చిత్రములు ఎవరి పెట్టెలో నుండును? మఱొక సంబంధము వచ్చినప్పుడు అవి ఎవరి ఫోనునుండి ఎవరి ఫోనునకు ప్రాకును? నష్టము ఇరువురికిని సమానమని మేము నటింపజాలము. మన సమాజమున అతడు మఱుమాసమే పెండ్లిచూపులకు వెళ్లగలడు. ఆమె మాత్రము ప్రతి ఇంటను సంజాయిషీ చెప్పుకొనవలసియుండును.

కావున ఛాయాగ్రాహకునికి బయానా ఇచ్చుటకు ముందు కాగితము వ్రాయించుకొనవలెను. తీయించువారుగ ఇరువురి పేర్లును అందుండవలెను. మూలప్రతులు ఇరువురికి నందవలెను. ఇరువురి సమ్మతియు వ్రాతమూలకముగ లేక ఒక్క చిత్రమైనను బయట ప్రకటింపరాదు. సంబంధము చెడినచో ఛాయాగ్రాహకుడు తనయొద్ద నున్నవానిని చెఱిపివేయవలెను. ఇది అనుమానపు మాట యని కొందఱు పెద్దలు ముడిపడిన కనుబొమలతో అందురు. లగ్నపత్రిక వ్రాయించునప్పుడు ఇరుపక్షముల పెద్దలు సంతకములు చేయుట అనుమానము వలన గాదు గదా. ఆ పెద్దలే ఈ కాగితమును కూడ ఒకమాఱు చదివింపవలెను. పెండ్లికూతురి సంతకమునకు చోటు లేని కాగితము వచ్చినచో దానిని తెచ్చినవానిచేతనే త్రిప్పి పంపవలెను.