రాబందు పాఠం బెజ్జూరులోనే ఉంది



ఆన్‌లైన్ పాఠాలు జీవశాస్త్రానికి పనికిరావని గత సంచికలో ఒక పాఠకులు రాశారు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఆ సబ్జెక్టే చెప్పి రిటైరైనదాన్ని నేను; ఆ మాట ఒప్పుకోలేను. 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు మొదలైనప్పుడు ఫోను లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయి, నిజమే. కానీ మైక్రోస్కోపు లేని బడిలో పత్రరంధ్రం తెరుచుకోవడం పిల్లలు ఇంకెక్కడ చూస్తారు?

అయితే ఆన్‌లైన్‌లో నాకు కావలసింది మన ఊరి పాఠం. సికిల్‌సెల్ ఆదిలాబాద్ గోండు కుటుంబాలకు తెలిసిన వంశపారంపర్య రక్తజబ్బు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు అది వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మెండెల్ బఠానీల దగ్గరే ఆగకుండా, ఈ లెక్కను గోండిలో, కొలామీలో చెప్పే పది నిమిషాల వీడియో ఉంటే అది పరీక్షకే కాదు, పెళ్లి మాటలప్పుడూ అక్కరకొస్తుంది.

రాబందులదీ ఇలాంటి పాఠమే. పాత ఆదిలాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు బయటపడ్డాయి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, చచ్చిన పశువుల మాంసం ద్వారా ఆ పక్షుల మూత్రపిండాలను చెడగొడుతుందని తేలాక, 2006లో మన దేశం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. ఆహారపు గొలుసుకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంది? పిల్లలు ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పిట్టల లెక్క నమోదు చేయడానికీ పైసా ఖర్చు లేదు. లోయర్ మానేరు డ్యాం గట్టు మీద నిలబడితే చాలు.

ఇలాంటి పాఠాలు స్థానిక టీచర్లతోనే చేయించాలని మీ పత్రిక గట్టిగా అడగాలి.

– ఒక రిటైర్డ్ టీచర్, కరీంనగర్