పానా ఎవరి సొత్తు?

మొన్న ఒక సాహిత్య సదస్సులో భోజనాల దగ్గర ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని గోళ్ళవైపు చూసి "ఇదేంటమ్మా?" అన్నారు. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు. ఎంత రుద్దినా రెండు రోజులదాకా పోదు. కారు బాగుచేసుకున్నానని చెప్పాను. ఆవిడ నవ్వి, "పిహెచ్.డి. చేసింది ఇందుకా?" అన్నారు. చుట్టూ ఉన్న మిత్రులూ నవ్వారు. అందరూ స్త్రీల గురించి రాసేవాళ్ళే. నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చినా ఆ నవ్వు నన్ను వదల్లేదు. అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

నేనుండేది హనుమకొండలో. నలభై కిలోమీటర్ల అవతల ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. పీరియడ్‌కి ఇంత అని లెక్క. సెలవులొస్తే ఆ లెక్కా ఉండదు. ఇంట్లో అమ్మ, ఏడో తరగతి చదివే కూతురు, నేను. మోకాళ్ళు అరిగిన అమ్మ బస్సు మెట్లు ఎక్కలేదు. అందుకే దాచుకున్న నలభై అయిదు వేలూ పెట్టి 2009 నాటి మారుతి 800 కొన్నాను. పదిహేనేళ్ళు నిండి, రిజిస్ట్రేషన్ మరో అయిదేళ్ళకి పొడిగించిన బండి.

1983 డిసెంబరు 14న ఈ రకం మొదటి కారు తాళాలు అందించింది ఒక మహిళే, ప్రధాని ఇందిరాగాంధీ. అందుకున్నది మాత్రం పురుషుడు. 2014లో తయారీ ఆగిపోయేదాకా మన మధ్యతరగతికి 'ఫ్యామిలీ కారు' అంటే ఇదే. ఆ ఫ్యామిలీ బొమ్మ మనందరికీ తెలుసు. స్టీరింగ్ దగ్గర నాన్న, పక్కన అమ్మ, వెనకాల పిల్లలు. నాన్న లేని మా ముగ్గురిదీ ఫ్యామిలీ కాదా?

కొన్న రెండో నెలలో బండి వణకడం మొదలుపెట్టింది. సిగ్నల్ దగ్గర ఆగితే ఊగిపోయేది. ఎత్తు ఎక్కలేకపోయేది. గ్యారేజీకి తీసుకెళ్తే అతను బానెట్ ఎత్తి, ఒక్క నిమిషం చూసి, "ఇంజన్ దింపాలె మేడం, పద్దెనిమిది వేలైతది" అన్నాడు. ఏం పాడైందని అడిగాను. "మీకు సమజ్ గాదు. సార్ నంబరియ్యండి, సార్‌తోని మాట్లాడ్త" అన్నాడు. సార్ లేరన్నాను. "ఊళ్ళె లేరా?" లేరు. "మరి మీ అన్ననో, తమ్ముడో?"

బండి నాది. డబ్బు నాది. రోజూ నడిపేది నేను. అయినా ఆ బండి కష్టం వినడానికి ఒక మగవాడి చెవి కావాలి! ఆ మనిషిని ప్రత్యేకంగా తిట్టి లాభం లేదు. ఆడవాళ్ళకి మిషన్లు అర్థంకావన్న మాట అతను కనిపెట్టింది కాదు. మన ఇళ్ళలో ఫ్యూజు పోయినప్పుడల్లా, "నువ్వుండు, వాడొచ్చి చూస్తాడు" అని ఆడపిల్లని వెనక్కి లాగినప్పుడల్లా ఆ మాట మనమే నేర్పుతున్నాం.

బండి ఇంటికి తెచ్చేశాను. వాకిట్లో ఇంజన్ ఆన్‌లోనే ఉంది. అరుగుమీద కూర్చున్న అమ్మ కాసేపు విని, "గిది మిషిను కుట్టు ఇడిశినట్టు ఇడుస్తున్నది బిడ్డా. చెవి వెట్టి ఇను. రెండు వడుతున్నయ్, ఒకటి వడ్తలేదు" అంది.

అమ్మకి ఆ ఇంజన్‌లో మూడు సిలిండర్లున్న సంగతి తెలీదు. కానీ మూడింట్లో ఒకటి పనిచెయ్యడంలేదని చెవితో పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు తొక్కుడు మిషన్ మీద జాకెట్లు కుట్టిన మనిషి ఆమె. కుట్టుమిషన్‌లో సూది కిందికి దిగి, కాస్త పైకి లేచే క్షణంలోనే షటిల్ కొక్కెం దారాన్ని అందుకోవాలి. ఆ క్షణం తప్పితే కుట్టు జారుతుంది. ఇంజన్‌లోనూ అంతే. పిస్టన్ పైకొచ్చే వేళకి ప్లగ్గు నిప్పురవ్వ వెయ్యాలి. వెయ్యకపోతే ఆ సిలిండర్ ఉత్తినే తిరుగుతుంది, మిగతా రెండూ దాని బరువు కూడా మోస్తాయి.

పక్కింటి ఆటో అన్న ప్లగ్గు పానా ఇచ్చి, ఇంజన్ చల్లారాక ఎటు తిప్పాలో చూపించాడు. మూడు ప్లగ్గులూ విప్పి వరసగా పెట్టాం. రెండింటి కొనలు ఇటుక రంగులో పొడిగా ఉన్నాయి. మూడోది నల్లగా, పెట్రోలు తడితో ఉంది. మళ్ళీ బిగించి, చీకటిపడ్డాక ఇంజన్ స్టార్ట్ చేసి చూస్తే, ఆ మూడో ప్లగ్గుకి వెళ్ళే వైరు పగులులోంచి సన్నగా నీలం మెరుపు. ప్లగ్గుకి అందాల్సిన కరెంటు దారిలోనే కారిపోతోంది. కొత్త ప్లగ్గులూ వైర్లూ కలిపి వెయ్యి రూపాయల లోపే అయ్యాయి. ఇంజన్ దింపలేదు. వణుకు పోయింది.

కొంత డబ్బు మిగిలిందన్న సంతోషం ఉంది, కాదనను. కానీ ఆ రాత్రి నిద్రపట్టనివ్వనిది వేరే సంగతి. స్త్రీవాద కవిత్వంలో గృహ ప్రతీకల మీద నేను రాసిన సిద్ధాంత గ్రంథంలో కుట్టుమిషన్ గురించి నాలుగు పేజీలున్నాయి. "స్త్రీ బంధనానికి ప్రతీక" అని రాశాను. నా చదువుకి ఫీజులు కట్టిన మిషన్ అది. తోలుపట్టీ వదులైతే అమ్మ ఎలా బిగిస్తుందో, ఏ కంతలో ఎన్ని నూనె చుక్కలు వేస్తుందో, కుట్టు జారితే ముందు సూది చూస్తుందా, బాబిన్ కేసు చూస్తుందా అని నేనొక్కసారి కూడా అడగలేదు. ప్రతీక కనిపించింది గానీ మిషన్ కనిపించలేదు. మిషన్ బాగుచేసే మెకానిక్ అసలే కనిపించలేదు, నాకు అన్నం పెడుతున్నా సరే!

ఇది నా ఒక్కదాని తప్పా? 1993లో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు మన కవయిత్రులు తెలుగు సాహిత్యాన్ని ఒక్క కుదుపు కుదిపారు. విమల 'వంటిల్లు', ఇల్లలుకుతూ తన పేరే మరిచిపోయిన గృహిణి గురించి పి. సత్యవతి రాసిన 'ఇల్లలకగానే' లేకపోతే మనలో చాలామందిమి ఇలా రాసేవాళ్ళమే కాదు. చాకిరీని చాకిరీ అని ముందు చెప్పాలి. వాళ్ళు చెప్పారు. నా పోట్లాట ఆ తరంతో కాదు, ఆ తర్వాత అక్కడే ఆగిపోయిన మా విమర్శకులతో. చాకిరీని లెక్కపెట్టాం. అందులోని నైపుణ్యాన్ని లెక్కలోంచి కొట్టేశాం. కుక్కర్ గాస్కెట్ మార్చే చెయ్యి, మిక్సీ జార్ అడుగు బిగించే చెయ్యి, స్టవ్ బర్నర్ కంతలు పిన్నుతో పొడిచే చెయ్యి చేసేది 'ఇంటిపని'. అదే పని పానాతో మగవాడు చేస్తే 'టెక్నాలజీ'. ఈ విభజన పితృస్వామ్యానిది. దాన్ని మనమెందుకు మోస్తున్నాం?

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కూడా కాదు. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆయన తయారుచేసిన మోటారు బండిని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా, సుమారు వంద కిలోమీటర్లు నడిపింది. ఆ వ్యాపారంలో ఆమె కట్నం డబ్బు కూడా ఉంది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తెరిచింది. తీగ మీద పొర అరిగితే మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టే అతనితో తోలు వేయించింది. ఈ కథని ఇప్పటికీ టోపీ పిన్ను ముచ్చటగానే చెప్పుకుంటారు. అది రోడ్డుమీద చేసిన ఇంజనీరింగ్ అని ఎందరు చెబుతారు?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. "చదువుకున్నదానివి, నీకిది సరదా. మెకానిక్ షెడ్లలో చేతులు కాల్చుకునే పిల్లల పొట్ట కొడతావా?" న్యాయమైన ప్రశ్నే. నా జవాబు రెండు మాటలు. ఒకటి, నేను అన్నీ చేసుకోను. బ్రేకులు ముట్టుకోను. ముగ్గురి ప్రాణాలు వాటిమీద ఉన్నాయి. అవి తెలిసిన మనిషికే ఇస్తాను. రెండు, పని ఎంత కష్టమో వేళ్ళకి తెలిశాక బేరమాడటం మానేశాను. బిగుసుకుపోయిన ఒక్క నట్టుతో అరగంట కుస్తీపట్టిన తర్వాత, "ఇంతేనా పని, మూడొందలా?" అనే నోరు రాదు. తెలియనితనం నన్ను మోసపోయేలా చేసింది నిజమే. పనిచేసేవాడి కూలి తగ్గించమని అడిగే పొగరు కూడా నాకిచ్చింది ఆ తెలియనితనమే.

ఆ భోజనాల దగ్గరి నవ్వులో జెండర్ ఒక్కటే లేదు, కులం కూడా ఉంది. గ్రీజంటిన చెయ్యి కలం పట్టకూడదు, కలం పట్టిన చెయ్యి గ్రీజు ముట్టకూడదు అని మనకి నేర్పిందెవరు? శ్రమ గురించి ఎన్ని పత్రాలు సమర్పించినా మన చేతులు శుభ్రంగానే ఉండాలా?

కారు నడపడం నేర్చుకున్న స్త్రీ గురించి కథలు రాశాం, బాగానే ఉంది. ఇక బానెట్ ఎత్తిన స్త్రీ గురించి కూడా రాద్దాం. అంతకంటే ముందు మన అమ్మలనీ అత్తలనీ కూర్చోబెట్టి, ఏం భరించారని మాత్రమే కాదు, ఏం బాగుచేశారు, ఎలా బాగుచేశారు అని అడిగి రాసుకుందాం. ఆ జ్ఞానం వాళ్ళతోపాటే పోతోంది. నేను మా అమ్మతో మొదలుపెట్టాను. మూడో నోటు పుస్తకం నడుస్తోంది.

ఇక, ఆ పెద్దావిడ ప్రశ్నకి జవాబు. లేదమ్మా, పిహెచ్.డి. చేసింది ఇందుకు కాదు. ప్లగ్గు మార్చడానికి పిహెచ్.డి. అక్కర్లేదు. కానీ ఆ పిహెచ్.డి.లో నేను రాసిన తప్పు నాకు తెలియడానికి ఈ గ్రీజు కావలసివచ్చింది.