నియమం ఉంది, చిట్టా ఏదీ?

కథలూ పద్యాలూ వదిలి ఈ సర్వర్ల గొడవ ఎందుకని మిత్రులు విసుక్కోవచ్చు. చాలాకాలంగా మనసులో నలుగుతున్న మాట ఇది. ఇవాళ వ్రాయక తప్పలేదు.

లినక్సు వాడేవారికి ఆడిట్ వ్యవస్థ కొత్త కాదు. ఎవరు ఏ దస్త్రాన్ని ముట్టుకున్నారో కెర్నెలు గమనిస్తుంది, ఆడిట్‌డీ చిట్టాకెక్కిస్తుంది. ఏది గమనించాలో చెప్పే నియమాలు మాత్రం మనమే వ్రాయాలి. అవి ఉన్నాయో లేవో చూసిపెట్టడానికి ఓపెన్‌స్కాప్ వంటి పనిముట్లున్నాయి. వందల యంత్రాలను మనిషి ఒక్కొక్కటిగా చూడలేడు కనుక వాటి అవసరాన్ని కాదనను. నా పేచీ అవి ఎక్కడ చూస్తాయన్న దాని గురించి. చాలా తనిఖీలు నియమాల దస్త్రం తెరిచి, ఫలానా వరుస ఉందా అని చూసి ఊరుకుంటాయి. పొలంలో కాలు పెట్టకుండా ఇంటి అరుగు మీదే అడంగలు నింపిన కరణం గుర్తొస్తాడు నాకు.

దస్త్రంలో ఉన్నదల్లా కెర్నెలులో ఉండాలని లేదు. నియమాలను ఎవరూ మార్చకుండా తాళం వేసిన యంత్రంలో, ఆ తర్వాత చేర్చిన నియమం యంత్రం తిరిగి మొదలయ్యేదాకా అమలుకు రాదు. పైన ఎక్కడో ‘నెవర్’ అన్న వరుస ముందుగా సరిపోతే, కిందిది ఎంత చక్కగా వ్రాసినా వృథా. 64 బిట్ల పిలుపులకే నియమం వ్రాసి 32 బిట్ల మాట మరిస్తే, ఆ దారిన వచ్చినవాడు కనబడనే కనబడడు.

నేను పనిచేసిన ఒకచోట, ఓ ఉదయం చూస్తే ఒక మామూలు ఖాతాకు రూట్ హక్కులు వచ్చి ఉన్నాయి. ఎవరిచ్చారో తేలలేదు. వారం క్రితమే తనిఖీ నివేదిక నిండా పచ్చరంగు. తీరా చూస్తే నియమం దస్త్రంలో ఉంది, కెర్నెలులో లేదు. అనుమానం రాత్రి షిఫ్టులో ఉన్న కుర్రవాడి మీదికి పోయింది. తాను చేయలేదని చూపడానికి అతని దగ్గరా ఏ ఆధారమూ లేదు. దొంగను పట్టడానికే చిట్టా అనుకుంటూ వచ్చిన నాకు, నిర్దోషికి కూడా సాక్షి అదొక్కటేనని ఆ రోజు తెలిసింది. కొన్నాళ్ళకు అతను ఉద్యోగం మానుకుని వెళ్ళిపోయాడు.

పరీక్ష అంటే చేసి చూడడం. ప్రయోగాలకని ఉంచిన యంత్రంలో, సంకేతపదాలుండే షాడో దస్త్రపు అనుమతులను మార్చి మళ్ళీ యథాతథంగా పెట్టే చిన్న స్క్రిప్టు నడపండి. ఆపై ఏయూసెర్చ్‌తో వెతికి, ఆ ఘటన దొరికితేనే పాసు వేయండి. సూడో చేసి రూట్‌గా మారినా, మొదట లాగిన్ అయిన మనిషెవరో ఏయూఐడీ చెబుతోందా అన్నదీ చూడాలి. తర్వాత నియమాన్ని కావాలనే తీసేసి మళ్ళీ నడపండి. అప్పుడూ గెలిచిందంటే ఆ తనిఖీని నమ్మకండి. ఇంత ఓపిక లేనివారు కనీసం ఆడిట్‌సీటీఎల్ చూపే జాబితాను దస్త్రంతో పోల్చినా కొంత నయం.

ఇంకొక్క మాట. చిట్టాలను 180 రోజులు భద్రపరచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. ఆడిట్‌డీతో వచ్చే మామూలు అమరిక 8 మెగాబైట్ల దస్త్రాలు 5. అవి నిండితే పాతది పోతుంది. రద్దీ ఉన్న సర్వరులో 40 మెగాబైట్లు ఏ మూలకు? అందుకే మా తనిఖీకి ఒక వరుస చేర్చాను: చిట్టాలో అన్నిటికన్నా పాత పంక్తి తేదీ చెప్పమని. మొదటిసారి నడిపినప్పుడు అది మూడు రోజుల నాటిది.